పేరెత్తని పురుగు

రోహిణి కార్తె, రెండో రోజు

పదకొండు గూళ్ళలో నీళ్ళు మార్చాను. ఎనిమిది పురుగులు ఎలుకల్ని తిన్నాయి. రెండు కుబుసం విడుస్తున్నాయి కాబట్టి ముట్టవట. నలభైఒకటో నంబరుది కూడా తినలేదు. ఆకలితో చస్తుందేమోనని భయం వేసింది. అది అలా చావకూడదు. నా చేతిలో చావాలి.

ఈ పుస్తకం ఇక్కడ అన్నీ చూసుకునే సువార్త మేడం ఇచ్చింది. పురుగుల విషం తీసి మందు చేసే ఈ విషశాలలో పనిచేసేవాళ్ళందరూ సాయంత్రం పెట్టెమ్మ అనే మాట్లాడే యంత్రం ముందు నిలబడి, ఆ రోజు చేసిన పని చెప్పి ఇళ్ళకి పోతారు. పెట్టెమ్మ అంతా గుర్తుపెట్టుకుంటుంది. నేను చెప్పనన్నాను. "ఆ పెట్టెతో నా నోరు మాట్లాడదమ్మా. కావాలంటే పనే మానేస్తాను" అన్నాను. మేడం లోపలెక్కడో అడుగున పడి ఉన్న కాగితాల పుస్తకం తెచ్చింది. "రాయడం వచ్చా?" అంది. ఐదు దాకా చదివానన్నాను.

ముందు పేజీల నుంచి పని రాస్తాను. అది మేడం చూస్తుంది. వెనక పేజీల నుంచి ఇది. ఇది నాది.

పురుగు అంటే ఏమిటో మా తిప్పల మీద పసిపిల్లకి కూడా తెలుసు. పడగ ఉండేదైనా, ఒంటినిండా కట్లు ఉండేదైనా, నలభైఒకటిలా గొలుసు మచ్చలు ఉండేదైనా, కాళ్ళు లేకుండా పాకి కోరలతో కాటేసేదాన్ని మేము పేరు పెట్టి పిలవం. పేరెత్తితే విని వస్తుంది. మా అమ్మ ఎత్తలేదు, మా అమ్మమ్మ ఎత్తలేదు. సముద్రం లోపలికొచ్చాక నీళ్ళ పైన మిగిలింది ఈ తిప్పలే. మనుషులకీ అవే, పురుగులకీ అవే.

పోయిన ఏడు స్వాతి కార్తెలో ఉప్పువరి కోస్తుంటే నా కూతురు వరాలు మడమ మీద కాటేసింది నలభైఒకటి. పంతొమ్మిదేళ్ళు వరాలుకి. నేను కొడవలి విసిరితే దాని తోక చివర తెగింది. మూడు రోజుల తర్వాత అదే గట్టు మీద పురుగులు పట్టే పోలయ్య దాన్ని పట్టి ఇక్కడికి తెచ్చాడు. ఆ తోక చూసే గుర్తుపట్టాను. పురుగు పగ పడుతుందంటారు. తోక తెగింది దానిది, పగ నాది.

నలభై రోజులు పనిచేస్తే గూళ్ళ తాళం చేతికిస్తారు. రెండు రోజులు అయ్యాయి.

రోహిణి కార్తె, పదో రోజు

పోలయ్య నాకు కొక్కెం పట్టడం నేర్పుతున్నాడు. పొడవాటి ఇనప కొక్కెంతో పురుగుని నడుం దగ్గర లేపాలి, తల దగ్గర కాదు. మా అన్న వయసుంటుంది. వాళ్ళ తాతల నాటి నుంచీ పట్టేవాళ్ళే. పేరు భయం లేదు అతనికి.

"పాము అనక్కా. ఏం కాదు" అన్నాడు.

"అననులే."

"మీ ఆయన పేరూ ఎత్తవు, దీని పేరూ ఎత్తవు. ఇద్దరూ ఒకటేననుకున్నావా ఏంది?" అని, తనే మళ్ళీ, "అయినా ఆయన పేరూ నాగయ్యే గదా! నీ బాధ నాకు తెలుసులే" అని పగలబడి నవ్వాడు. నాక్కూడా నవ్వొచ్చింది. వరాలు పోయాక మొదటిసారి. వెంటనే ఒళ్ళు మండింది, నా మీద నాకే.

ముందు పేజీలు చూసి మేడం కూడా నవ్వింది. "పదకొండు పురుగులకి నీళ్ళు పెట్టాను అని రాశారు. ఎవరైనా చదివితే మనం ఇక్కడ బొద్దింకలు పెంచుతున్నాం అనుకుంటారు. పాము అని రాయండి, నాంచారమ్మ గారూ." నేను నంబర్లు వేస్తానన్నాను. సరేనంది.

పెట్టెమ్మ వరండాలో ఉంటుంది. చుట్టుపక్కల ముప్పై తిప్పల మీద ఇంటింటికీ ఉండే పిలుపు డబ్బాల నుంచి జబ్బుపడ్డవాళ్ళ పిలుపులు దానికే వస్తాయి. అది విని, మందు తేల్చి, మేడ మీద ఉండే ఎగిరే యంత్రం తూనీగకి చెబుతుంది. తూనీగ మందు పొట్లం కాళ్ళకి కట్టుకుని నీళ్ళ మీదుగా ఎగిరిపోతుంది. ఆ గొంతు నా చెవిన పడకూడదు. అందుకే పనిలో ఉన్నంతసేపూ చెవుల్లో దూది పెట్టుకుంటాను. ఎవరైనా పిలవాలంటే భుజం తట్టాలి.

మృగశిర కార్తె, నాలుగో రోజు

ఈ రోజు మేడం నాకు గాజుపలకలు చూపించింది. ఒక్కొక్కటి వేలంత ఉంటుంది. లోపల వెంట్రుక కన్నా సన్నటి దారాలు. అవి దారాలు కావు, రక్తనాళాలు. మనిషి నుంచి గోరంత చర్మం తీసి, దాన్నుంచి పెంచుతారట. లోపల నిజం రక్తమే పారుతుంది.

"విషంలో కత్తెరలుంటాయి" అంది మేడం. "కంటికి కనపడవు. రక్తనాళం గోడని కత్తిరిస్తాయి. రక్తం గడ్డకట్టే గుణాన్ని ఖర్చు చేసేస్తాయి. అప్పుడు లోపల ఎక్కడ పడితే అక్కడ కారుతుంది. చిగుళ్ళలో, మూత్రపిండాల్లో."

నాకు తెలుసనలేదు. వరాలు రక్తాన్ని ఇక్కడే గాజు సీసాలో పోసి ఇరవై నిమిషాలు ఉంచారు. తోడుకోని పాలలాగా ఉండిపోయింది. సీసా వంచితే జారింది.

"గుర్రాల నుంచి తీసే పాత మందు ఈ ఉప్పునేల పాములకి సగమే పనిచేస్తోంది. వాటి తిండి మారింది, విషమూ మారింది. పైగా సూదిమందు కాబట్టి ఎక్కించేవాళ్ళుండాలి. నేను మాత్ర చేస్తున్నాను. పొలంలోనే, కరిచిన నిమిషంలోనే వేసుకోవాలి. అది కత్తెర రెండు రెక్కల మధ్య గుడ్డపీలికలా ఇరుక్కుంటుంది. కత్తెర మూసుకోదు."

"ఎవరి చర్మంతో పెంచుతారమ్మా ఇవి?"

"ఇచ్చేవాళ్ళుంటే వాళ్ళది."

చీర పక్కకి జరిపి తొడ చూపించాను. "నాది తీసుకో. దాని మీద నలభైఒకటి విషమే పొయ్యాలి" అన్నాను. మేడం ఎందుకని అడగలేదు. సూదితో గిల్లి తీసుకుంది. వరాలు నెత్తురు సగం నాదే కదా. నలభైఒకటితో ఇంకోసారి తేల్చుకుంటాను.

మృగశిర కార్తె, ఎనిమిదో రోజు

నలభైఒకటికి విషం తీశారు. ఇరవై రోజులకొకసారి తీస్తారట. కొక్కెం తగలగానే కుక్కరు కూత పెట్టినట్టు బుస కొట్టిందని పోలయ్య చెప్పాడు. నా చెవుల్లో దూది ఉంది, ఒళ్ళు ఉబ్బడమే చూశాను. పోలయ్య తల వెనక పట్టి, పల్చటి పొర కట్టిన గాజు గిన్నె అంచుకి నోరు ఆనించాడు. కోరలు పొరలో దిగాయి. పసుపురంగు చుక్కలు. వేపపూత మీద మంచులాగా చూడ్డానికి ఎంత బాగున్నాయో! అంత బాగుండడం చూసి ఇంకా కోపం వచ్చింది.

దాన్ని తిరిగి గూట్లో పెడుతూ పోలయ్య, "దీన్ని ఎక్కువ చూడమాక అక్కా. చూపుకి అలవాటు పడితే భయం పోద్ది" అన్నాడు. భయం ఎప్పుడో పోయింది, పోలయ్యా.

అల్మారా తుడుస్తుంటే పోయిన ఏటి రిజిస్టరు కనపడింది. వరాలు పేరు వెతికాను. పేరు పక్కన ఇలా ఉంది: "తల్లిదండ్రులు ఆలస్యంగా తీసుకొచ్చారు."

ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి అక్షరాలు కనపడలేదు.

ఆరుద్ర కార్తె, ఐదో రోజు

నా నాళాలు పెరిగాయి. ఈ రోజు వాటి మీద విషం వేశారు. మేడం నన్ను భూతద్దం దగ్గర కూర్చోబెట్టింది. మొదట ఏమీ లేదు. తర్వాత ఒకచోట ఎర్రగా చెమ్మగిల్లింది. గట్టుకి ఎలకబొరియ నుంచి నీళ్ళు ఊరినట్టు. మరి కాసేపటికి గండి పడింది. ఒకటి కాదు, పది. అంతా ఎరుపే. ఆ రోజు వరాలు లోపల ఇదే జరిగిందన్నమాట, నేను పైన మందు రాస్తుంటే.

రెండో పలకకి ముందు మాత్ర నీళ్ళు పట్టించి, తర్వాత విషం వేశారు. చూస్తూనే ఉన్నాను. చెమ్మ వచ్చింది, ఆగింది. గట్టు నిలిచింది. మేడం లేచి నన్ను కావలించుకుంది. "నలభైఒకటి ఓడిపోయింది!" అంది. దాని ఓటమి నాకు చాలలేదు. చావు కావాలి.

ఆ రోజు జరిగింది ఒక్కసారన్నా రాయాలి. ఆలస్యం అన్నారు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున ఏడు గంటలు. వరాలు "అమ్మా" అని కూర్చుండిపోయింది. మడమ మీద రెండు చుక్కలు. నేను ఇంటికి పరుగెత్తి పెట్టెమ్మని పిలిచాను. ఆలస్యం ఎక్కడుంది? పిల్లని పురుగు ముట్టిందని చెప్పాను. "ఏ పురుగు? ఎగిరేదా, పాకేదా?" అని అడిగింది. పాకేదేనన్నాను. "జెర్రి కాటుకు మందు పంపుతున్నాను. నొప్పి ఉన్నచోట రాయండి. భయపడకండి" అంది. అరగంటలో తూనీగ వచ్చింది. రాశాను. పెట్టెమ్మ పెద్ద చదువులు చదివింది కదా, జెర్రి మందు దీనికి కూడా పనిచేస్తుందేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి చిగుళ్ళ నుంచి నెత్తురు. అప్పుడు బల్లకట్టు ఎక్కించి ఇక్కడికి తెచ్చాం. పొద్దుగూకేసరికి అయిపోయింది.

తల్లిని నేను చెప్పాల్సినంతా చెప్పాను. అది తప్పు మందు పంపింది. ఆలస్యం నాదట.

నలభైఒకటి తర్వాత ఆ పెట్టె వంతు. గునపంతో పొడుస్తాను.

ఆరుద్ర కార్తె, పన్నెండో రోజు

తాళంచెవి ఇచ్చారు. మొలతాడుకి కట్టుకున్నాను. పోలయ్య బెల్లంముక్క పెట్టాడు. రేపు సంత, అందరూ బల్లకట్టు మీద పెద్దతిప్పకి పోతారు. మేడం ఒక్కతే పై గదిలో పనిచేసుకుంటూ ఉంటుంది.

కొడవలి చీరముక్కలో చుట్టి తెచ్చాను. అదే కొడవలి.

ఆరుద్ర కార్తె, పదమూడో రోజు

ఈ రోజు జరిగింది రాస్తాను.

పది గంటలకి గూళ్ళుండే మూడో గది తెరిచాను. నలభైఒకటి గూడు ముందు కూర్చున్నాను. కొడవలి ఒళ్ళో ఉంది. చెవుల్లో దూది తీసేశాను. అది చచ్చేముందు కొట్టే బుస వినాలి. నా పిల్ల మూలుగు నేను విన్నాను కదా.

తాళం తీశాను. తలుపు సగం తెరిచాను. అది చుట్ట చుట్టుకుని తల వెనక్కి లాగింది. బుస మొదలైంది. కొడవలి ఎత్తాను.

అప్పుడు వరండాలోంచి ఒక ముసలి గొంతు వినపడింది.

"అమ్మా, అమ్మా, జువ్వలతిప్ప నుంచి. మా కోడలిని పురుగు ముట్టిందమ్మా!"

పెట్టెమ్మ గొంతు, తేనె పూసినట్టు: "ఏ పురుగు? ఎగిరేదా, పాకేదా?"

"పాకేదేనమ్మా."

"జెర్రి కాటుకు మందు పంపుతున్నాను. నొప్పి ఉన్నచోట రాయండి. భయపడకండి."

ఆ మాటలు నాకు వరసగా తెలుసు. ఒక్కటి పొల్లు పోలేదు. అడిగింది పెట్టెమ్మే, కానీ జవాబు చెబుతున్న గొంతు ఆ ముసలమ్మది కాదు, నాది. ఆ రోజు నా నోట్లోంచి ఏం వచ్చిందో, పెట్టె ఏం విందో నాకు అప్పుడు తెలిసింది. నేను పురుగు అన్నాను. అది పురుగే అనుకుంది.

కొడవలి ఎక్కడ పడేశానో తెలియదు. వరండాలోకి పరుగెత్తాను. పెట్టె ముందు నిలబడ్డాను. ఎనిమిది నెలలుగా దానితో మాట్లాడని నోరు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట అనని నోరు.

"పాము!" అని అరిచాను. "జెర్రి కాదే, పాము! పాము కరిచింది! రక్తపింజర!"

అవతల ముసలమ్మ కెవ్వుమంది. "పేరెత్తమాక తల్లీ, నీకు పుణ్యముంటది, పేరెత్తమాక!"

"ఎత్తుతాను! ఒళ్ళంతా గొలుసు మచ్చలున్నాయా లేదా? చెప్పవే!"

"ఉండయ్యి... ఉండయ్యమ్మా..."

పెట్టెమ్మ మాట మార్చింది. "పాము కాటు. సూదిమందు, ఎక్కించే మనిషితో పడవ పంపుతున్నాను. పడవ చేరడానికి రెండు గంటలు" అంది. జెర్రి మందు ఆపేసింది. అంతే. ఒక్క మాటకి.

అరుపు విని మేడం మెట్లు దూకుతూ వచ్చింది. "రెండు గంటలు ఆగితే గండి పడుద్ది. మాత్రలు పంపించు" అన్నాను.

"ఇంకా మనిషికి ఇవ్వలేదు, నాంచారమ్మ గారూ."

"గాజులో ఉన్న నా నాళాలు మనిషివి కావా?"

మేడం తూనీగ కాళ్ళకి పొట్లం తనే కట్టింది. ఏం వెయ్యాలో, ఎలా వెయ్యాలో ముసలమ్మకి నేనే చెప్పాను. ఈసారి ప్రతి మాటా పేరు పెట్టి చెప్పాను.

అప్పుడు గూడు గుర్తొచ్చింది.

నలభైఒకటి బయటికి వచ్చేసింది. నీళ్ళ బాన పక్కన పడుకుని ఉంది, తెగిన తోక బయట పెట్టి. కొడవలి దానికి జానెడు దూరంలో ఉంది. మేడం గుమ్మంలో ఆగిపోయింది. నేను కొక్కెం ఎడమ చేత్తో, కొడవలి కుడిచేత్తో తీసుకున్నాను. నడుం దగ్గర కొక్కెంతో నొక్కాను. మెడ నా చేతికింద ఉంది. ఒక్క వేటు.

వెయ్యలేదు. దయ కాదు. దాని మీద నాకు దయ ఎప్పటికీ రాదు. నా పిల్లని చంపింది ఇదొక్కటే కాదని తెలిసింది, అందుకని. దీన్ని చంపేసి ఇంటికి పోతే మిగతావాళ్ళు నవ్వుకుంటూ బతుకుతారు. పైగా రేపు దీని విషం తీసే రోజు. ఆ విషం లేకపోతే మాత్ర మళ్ళీ పరీక్షించలేరు.

కొక్కెంతో లేపి గూట్లో వేశాను. తాళం వేశాను. మేడం వైపు తిరిగి అడిగాను.

"పెట్టెమ్మకి మాటలు నేర్పిందెవరు?"

మేడం గోడకి ఆనుకుంది.

పునర్వసు కార్తె, మొదటి రోజు

జువ్వలతిప్ప కోడలు బతికే ఉంది. పడవ వెళ్ళేసరికి ఆమె రక్తం తోడుకుంటూనే ఉందట. పేరు మంగతాయారు.

మాటలు నేర్పింది సువార్త మేడమే.

చదువుకునే రోజుల్లో ఆ పని చేసిందట. ఏ మాట చెబితే ఏ జబ్బు, ఏ కాటు అని పెద్ద జాబితా. అందులో పురుగు దగ్గర కీటకం అని రాసింది. "తెలియక రాశావా?" అన్నాను.

"తెలుసు. మా అమ్మమ్మది ఈ తిప్పలే. ఆవిడా పురుగనే అనేది. నేను చదువుకున్నాను కదా, అది మూఢనమ్మకం అనుకున్నాను. పెట్టె కూడా పురుగంటే పామని నేర్చుకుంటే జనం ఎప్పటికీ మారరు, సరైన మాట చెప్పడం అలవాటు చేసుకుంటారు అనుకున్నాను. కావాలనే ఆ అర్థం వదిలేశాను."

"అలవాటు చేసుకోనివాళ్ళు చస్తారు. అంతేనా?"

నేనే మళ్ళీ అడిగాను. "రిజిస్టర్లో నేను ఆలస్యం చేశానని రాసిందెవరు?"

"నేనే. మీ పిలుపు కీటకం కాటు కింద నమోదైంది. నేను పాము కాట్ల కిందే వెతికాను. మీరు పిలవలేదనుకున్నాను."

దాచకుండా రాస్తాను. తాళంచెవి నా మొలకే ఉంది. మేడం రాత్రి కింద పడుకునే మంచానికీ మూడో గది తలుపుకీ నాలుగడుగులు. పొద్దుటినుంచీ ఆ నాలుగడుగులే లెక్కపెట్టుకున్నాను. నలభైఒకటి మంచి పనిమంతురాలు, చెప్పినచోట కాటేస్తుంది. మేడం మడమలు చూశాను. వరాలు మడమల్లాగే సన్నగా ఉన్నాయి. అది చూడకుండా ఉండాల్సింది.

సాయంత్రం మేడం తనే వచ్చి నా ముందు కాగితం పెట్టింది. ఏడేళ్ళ పిలుపులు వెతికిందట. పురుగు ముట్టింది, పాకేదే అని చెప్పి, జెర్రి మందు పుచ్చుకుని, చచ్చిపోయినవాళ్ళు. ఇరవైమూడు పేర్లు. వరాలు ఆఖర్న ఉంది.

"నన్ను ఏం చేయమంటారో చెప్పండి" అంది. ఏడవలేదు. ఏడిస్తే కొట్టేదాన్ని.

"నాతో రా. ఇరవైమూడు ఇళ్ళకీ. నేల మీద కూర్చుని, మీవాళ్ళని నా రాత చంపిందని పేరు పేరునా చెప్పు. నాకు చెప్పినట్టే, కావాలనే వదిలేశానని కూడా చెప్పు. ఆ తర్వాత, దాన్ని మీరేమని పిలుస్తారని అడిగి రాసుకో. ఒక్క ఇల్లు తప్పితే మూడో గది తాళం నా దగ్గరుందని గుర్తుపెట్టుకో."

పుష్యమి కార్తె, ఎనిమిదో రోజు

పద్నాలుగు ఇళ్ళు అయ్యాయి.

ఒక ఇంట్లో అంట్లనీళ్ళు మేడం నెత్తిన పోశారు. తుడుచుకోవద్దన్నాను. ఒక ఇంట్లో మజ్జిగ ఇచ్చారు, అప్పుడే మేడం ముఖం ఎక్కువ నల్లబడింది. గొల్లతిప్పలో ఒక తాత అంతా విని, "నేను అప్పుడే పురుగుని చంపేశా గదమ్మా, ఇప్పుడు నువ్వొచ్చి కాదంటావేంది?" అన్నాడు. నాకు ఆ ముక్క రెండు రోజులు తిండి పోనివ్వలేదు.

మాటలు చాలా దొరికాయి. పురుగు, తాడు, చల్లనిది, పొడుగుది, నేలబిడ్డ. ఒక తిప్ప మీద ఉత్త "అది". రెండు ఇళ్ళలో మాటే లేదు, చెయ్యి ఇలా మెలికలు తిప్పి చూపిస్తారు. చెయ్యిని పెట్టెమ్మకి ఎలా నేర్పాలో మేడానికి తెలియడం లేదు. ఆలోచించమన్నాను.

నేను రోజూ పెట్టెమ్మతో మాట్లాడుతున్నాను. ఎదురుగా కూర్చుని, "తాడు ముట్టింది" అంటాను. "తాడు వల్ల దెబ్బ తగిలిందా?" అంటుంది. "నీ తలకాయకి తగిలింది, మళ్ళీ విను" అంటాను. పోలయ్య బయట కూర్చుని కడుపు పట్టుకుంటాడు. "అక్కా, కోడలికి కూడా ఇట్టా నేర్పరే ఎవురూ!" ఇప్పుడు పెట్టెమ్మ పాకేదనగానే పాము కాదు గదా అని తనే అడుగుతోంది. అడిగేదాకా వదల్లేదు.

మంగతాయారుకి రెండు కాలివేళ్ళు పోయాయి. ఇంటి పని చేసుకుంటోంది. అత్తగారు మాత్రం ఇప్పటికీ పురుగనే అంటుంది.

నిన్న నలభైఒకటి విషం నేనే తీశాను. పోలయ్య పక్కన నిలబడ్డాడు. పాము తల నా గుప్పిట్లో ఉంది. కోరలు పొరలో దిగుతుంటే దాని కళ్ళలోకి చూశాను. చంపితే ఒక్కసారి చచ్చేది. బతికి ఉంటే ఇరవై రోజులకొకసారి దీని విషం పిండి, దీనికే విరుగుడు చేయిస్తాను. దీని జాతి మొత్తం కాటు వట్టిపోయేదాకా దీన్ని చావనివ్వను. మంచి ఎలుకల్ని ఏరి పెడుతున్నాను.

ఆశ్లేష కార్తె, పన్నెండో రోజు

ఇరవైమూడో ఇల్లు మాది.

దీపం వెలిగించే వేళకి చేరాం. మా ఆయన అరుగు మీద పీతల వల అల్లుతున్నాడు. వరాలు పోయాక మా ఇద్దరి మధ్యా అన్నం, నీళ్ళు, బల్లకట్టు వేళ తప్ప మాటలు లేవు. వరాలు చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, ఎవరం తియ్యలేదు.

మేడం నేల మీద కూర్చుంది. చెప్పింది. ఇరవైరెండు ఇళ్ళలో చెప్పి గొంతు అరిగిపోయింది, అయినా దేన్నీ మింగలేదు. నేను పెట్టెమ్మతో ఏమన్నానో మాత్రం చెప్పలేదు. అంతా తన మీదే వేసుకుంది.

మా ఆయన వల మీంచి తల ఎత్తలేదు. "అయితే తప్పంతా ఈ అమ్మాయిదేనా?" అన్నాడు నాతో.

అవునంటే సరిపోయేది. ఇరవైరెండు ఇళ్ళ ముందు ఈవిడని కూర్చోబెట్టి, నేను వెనక నిలబడ్డాను. ఈ గుమ్మంలో నిలబడే చోటు లేదు. మేడం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాగయ్యా" అన్నాను.

ఇరవైరెండేళ్ళ కాపురంలో మొదటిసారి. వల జారిపోయింది ఆయన చేతిలోంచి.

"ఆ రోజు పెట్టెమ్మ ఏ పురుగని అడిగింది. నేను పేరు చెప్పలేదు. పేరు చెప్పుంటే సరైన మందు వచ్చేది. పిల్ల అక్కడ పడుంది, నాకు పేరెత్తడానికి భయమేసింది. పాము అనాల్సింది."

"ఎత్తమాకే!" అన్నాడు. గుమ్మం వైపు చూశాడు. "దీపాలేళ దాని పేరెత్తమాక. వచ్చుద్ది."

"పాము" అన్నాను. "పాము. పాము."

"నాంచారీ!"

"పేరెత్తితే వచ్చేటట్టయితే, వరాలు ఎప్పుడో వచ్చేది."

అప్పుడు ఏడ్చాడు. కాష్ఠం దగ్గర కూడా ఏడవని మనిషి. మేడం లేచి పోబోతే కూర్చోమన్నాను. ఇది కూడా చూడాలి ఆవిడ.

చాలాసేపటికి ముఖం తుడుచుకుని నోరు తెరిచాడు. "పా" అన్నాడు. ఆగిపోయాడు. చెప్పుల వైపు చూశాడు. చూసి, రెండో అక్షరం కూడా అన్నాడు.

ముగ్గురం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం. ఏదీ రాలేదు.

ముందు పేజీలూ వెనక పేజీలూ ఇక్కడ కలిశాయి, ఇంకో పేజీ లేదు. రేపు నలభైఒకటికి విషం తీసే రోజు. పొద్దున్నే బల్లకట్టు అందుకోవాలి.